నాచుకి ఏ రంగు దీపం?

సముద్రపు నాచు ట్యాంకు మీద దీపం పెడదామనుకునేవాళ్ళు ముందుగా "ఎన్ని వాట్లు?" అని అడుగుతారు. నన్నడిగితే వాట్ల సంగతి తర్వాత. ముందు రంగు తేల్చుకోండి.

కెల్ప్ అనే పెద్ద గోధుమరంగు నాచునే తీసుకోండి. దాని సిద్ధబీజాల నుంచి కంటికి ఆనని ఆడ, మగ బుల్లి మొక్కలు (గామిటోఫైట్లు) వస్తాయి. ఎర్ర వెలుగులో ఉంచితే అవి ఊరికే పెరుగుతుంటాయి, సంతానం జోలికి పోవు. నీలి వెలుగు తగిలితే చాలు, అండాలూ పురుషబీజాలూ సిద్ధమైపోతాయి. అందుకే వీటిని ఉంచే మా ఫ్లాస్కుల అల్మారాకి ఎర్ర ఎల్ఈడీలే. విత్తనం కావలసినప్పుడు వాటిని తెల్ల దీపాల కిందికి మారుస్తాను. దీపం రంగుతోనే విత్తనాన్ని నిల్వ చేయొచ్చన్నది నాకు ఇప్పటికీ వింతే!

"ఆకుపచ్చ వెలుగు దండగ" అన్న మాట గ్రాసిలేరియా లాంటి ఎర్ర నాచుల దగ్గర చెల్లదు. వాటిలోని ఫైకోఎరిత్రిన్ అనే ఎర్ర వర్ణకం ఆ వెలుగునే పట్టుకుంటుంది. నీళ్ళలో ఎరుపు కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది కదా, లోతున మిగిలినదాంతోనే బతకాలి.

సుషీకి చుట్టే నాచు నోరీ మరీ పేచీకోరు. దాని ఒక దశ గవ్వల్లో దాగి ఉంటుందని 1949లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ-బేకర్ కనిపెట్టేదాకా విత్తనం ఎక్కడిదో తెలియదు. ఇప్పుడు హ్యాచరీల్లో టైమర్‌తో పగటిని కురచ చేసి, బీజాలు విడుదలయ్యేలా చూస్తారు.

వెలుగు ఎక్కువైతే మాత్రం డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచులు మొలకలు పట్టించిన దారాలంతా గోధుమరంగు జిగురు పట్టిస్తాయి. లేత మొలకలకి మసక వెలుగే పెట్టి, మెల్లగా పెంచుతాను. కోతదాకా దీపాల కిందే పెంచడం? కరెంటు బిల్లు ఒప్పుకోదు. మొలక నిలదొక్కుకోగానే సముద్రంలోకే.