హైఫాలో పస్కా

ఇజ్రాయెల్‌లోని హైఫాలో దిగినప్పటి నుంచీ నా ఫోన్ నేను పక్క దేశం లెబనాన్‌లోని బీరూట్ విమానాశ్రయంలో ఉన్నాననే చెప్తోంది. డ్రోన్లు దారి తప్పాలని సైన్యం జీపీఎస్‌ను గందరగోళం చేస్తోందట. టాక్సీవాళ్లు కూడా సందు సందుకీ ఆగి దారి అడుగుతున్నారు. “మ్యాపు బంద్ పెట్టక్కా. ఎక్కితే కార్మెల్ గుట్ట, దిగితే సముద్రం. గంతే హైఫా,” అన్నాడు తమ్ముడు.

నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లిన చాలామందిలాగే వాడూ అక్కడ కేర్‌గివర్. తొంభైకి దగ్గరపడ్డ ఒక పెద్దావిడను చూసుకుంటాడు. ఆమెది పుట్టుక రొమేనియా. మనవలతో పాటు వాడూ ఆమెను ‘సవ్తా’ అనే పిలుస్తాడు, మనం అమ్మమ్మా అన్నట్టు.

అటు వెళ్లొద్దని మన విదేశాంగ శాఖ 2024 ఏప్రిల్ 12న చెప్పింది. అప్పటికే నేను అక్కడున్నాను. మర్నాడు రాత్రి ఇరాన్ మూడు వందలకు పైగా డ్రోన్లు, క్షిపణులు వదిలింది. సైరన్ మోగకముందే బిల్డింగ్‌లోని వాళ్లంతా సెల్లార్ షెల్టర్‌లోకి దిగారు. ఎదురింటి అరబ్ నర్సు ఫ్లాస్కు నిండా ఏలకుల కాఫీ పట్టుకొచ్చింది. పై అంతస్తు పెద్దాయన పేపరు కప్పులు పంచాడు. తెల్లారుజాము దాకా వాళ్లు వాదించుకున్నదంతా లిఫ్ట్ రిపేరుకు ఎవరెంత ఇవ్వాలన్నదే. కింది అంతస్తువాళ్లు ఎందుకివ్వాలని గొడవ. 2023 అక్టోబర్ 7న గాజా నుంచి హమాస్ దాడి చేశాక ఆ బిల్డింగ్ మెట్ల మీద యుద్ధం మాట ఎవరూ ఎత్తలేదని తమ్ముడు చెప్పాడు. ఎత్తొద్దని ఎవరూ అననూ లేదట.

నా తిరుగు విమానం రద్దయింది. ఇంటి నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి ఏడ్చింది. నాకు మాత్రం పండగ కలిసొచ్చింది.

మన దగ్గర క్రైస్తవులు పస్కా అనే పండగే ఇది. అక్కడ పెసహ్ అంటారు. యూదుల పూర్వీకులు ఐగుప్తు (ఈజిప్ట్) దాస్యం నుంచి బయటపడ్డ రోజుల జ్ఞాపకం. ఏడు రోజులు పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదు. సూపర్‌మార్కెట్‌లో రొట్టెల అరలన్నీ తెల్ల ప్లాస్టిక్ పట్టాలతో కప్పేశారు. తమ్ముడు టూత్‌పిక్ పెట్టి సవ్తా టోస్టర్‌లోని పొడి గీకుతూ కూర్చున్నాడు. ప్రభుత్వానికి చెందిన పులిసిన సరుకును కూడా వారం పాటు కాగితం మీద అమ్మేస్తారు. ఎన్నో ఏళ్లుగా దాన్ని కొంటున్నది అబూ ఘోష్ ఊరికి చెందిన ఒక అరబ్ హోటల్ ఉద్యోగి. ఈ యుద్ధం మధ్యలో ఇది విని నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

22 సాయంత్రం సెదెర్, అంటే ఆ విడుదల కథను పుస్తకంలో చదువుతూ తినే పండగ మొదటి రాత్రి విందు. బల్ల మీద పళ్లెంలో కాల్చిన ఎముక, గుడ్డు, ముల్లంగిలా ఘాటెక్కే చేదు దుంప, ఆపిల్, వాల్‌నట్ కలిపిన తీపి ముద్ద. పక్కన గుడ్డ కింద మట్సా. పిండిలో నీళ్లు పోసిన 18 నిమిషాల్లోపు కాల్చేయాల్సిన రొట్టె అది, ఉప్పు లేని అప్పడం అనుకోండి. ఇక అన్నం సంగతి. యూరప్ నుంచి వచ్చిన యూదులు పస్కాలో అన్నం ముట్టరు, ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు తింటారు. సవ్తా అల్లుడి తల్లిదండ్రులది బాగ్దాద్. అందుకని అన్నం గిన్నె బల్ల రెండో కొసకు, అల్లుడి ముందుకు వెళ్లింది. నన్నూ అటే కూర్చోబెట్టారు. ఏళ్ల తరబడి నడుస్తున్న ఒప్పందమట.

సవ్తా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. దాని వెనక్కి బందీల గుర్తుగా పసుపు రిబ్బన్ కట్టి ఉంది. అప్పటికి గాజాలో ఇంకా 133 మంది బందీలున్నారని ఇజ్రాయెల్ లెక్క. గాజాలో చనిపోయినవాళ్లు 34 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. మొదటి లెక్కకు ఆ గదిలో కుర్చీ ఉంది. రెండోది ఎలా వస్తుందోనని నేను చూస్తూనే ఉన్నాను.

దేవుడు ఐగుప్తు మీదికి పంపాడనే పది తెగుళ్ల దగ్గర వచ్చింది. నెత్తురు, కప్పలు, పేలు అంటూ ఒక్కో తెగులు పేరు చదివినప్పుడల్లా చిటికెన వేలు ద్రాక్షారసంలో ముంచి పళ్లెం అంచున ఒక్కో బొట్టు విదిలించాలి. ఐగుప్తువాళ్లు ఏడ్చినందుకు మన గ్లాసు నిండుగా ఉండకూడదని, చివర్లో వేలు నాకకూడదని సవ్తా నాకు చెప్పింది. పది బొట్లూ అయ్యాక ఆమె కూతురు పదకొండోసారి వేలు ముంచింది. ప్రతి శనివారం ప్రభుత్వానికి వ్యతిరేకంగా ధర్నాకు వెళ్లే మనిషి ఆమె. పన్నెండు, పదమూడు. మాట లేదు, బొట్లే. రిజర్వు డ్యూటీలో గాజాలో పనిచేసి నాలుగు రోజుల సెలవు మీద వచ్చిన ఆమె కొడుకు గ్లాసు గట్టిగా బల్ల మీద పెట్టి, “అక్కడ ఉన్నది నేను, నువ్వు కాదు,” అన్నాడు. అదంతా తమ్ముడు నా చెవిలో తెలుగులో చెప్తూ సగంలో ఆగిపోయాడు. సవ్తా చెంచాతో పళ్లెం మీద కొట్టింది. “పేజీ తిప్పండి. నాకు ఆకలేస్తోంది.” తిప్పారు.

భోజనాలయ్యాక ఏలియా ప్రవక్త కోసం వీధి తలుపు తీస్తారు. అప్పుడు చదివే వాక్యం, దేవుడా, నిన్నెరగని జనాల మీద నీ కోపం కుమ్మరించు అన్నది. ఈ ఏడు వద్దంది కూతురు. ఈ ఏడే కావాలన్నాడు అల్లుడు, లేచి నిలబడి మరీ. మనవరాలు వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా నర్సు ఇంటి తలుపు, కింద ఆమె డ్యూటీ చెప్పులు. గట్టిగా చదువుతానని పట్టుబట్టిన ఆ మనిషి రెండో పదానికే గొంతు తగ్గించేశాడు. మిగతాదంతా పెదాల మీదే అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాదీ నిస్నాస్‌కు దిగాం. అరబ్ పేట అది, బేకరీలు తెరిచే ఉంటాయి. పులిసిన పిండితో చేసే వేడి పీటా రొట్టె కోసం వరసలో నిలబడ్డవాళ్లు సగం మంది హీబ్రూలోనే మాట్లాడుకుంటున్నారు. నల్ల కవర్లో పెట్టివ్వమని ఒకాయన అడిగితే, అడక్కుండానే అందరికీ నల్ల కవరే ఇస్తున్నానన్నాడు బేకరీ కుర్రాడు.

తిరిగొస్తుంటే మెట్ల మీద నర్సు కలిసింది. “హగ్ సమేయహ్,” అని తమ్ముడికి పండగ శుభాకాంక్షలు చెప్పి నవ్వింది. తలుపు తీసినప్పుడు లోపల మేల్కొనే ఉన్నానని, తనకు హీబ్రూ బాగా వచ్చని నాతో ఇంగ్లిష్‌లో అంది. ఆయన గొంతు తగ్గించడం మంచిదే కదా అన్నాను. “ఆయన తగ్గించుకుంటే అది ఆయన ఇష్టం. నేను తగ్గించకపోతే వార్డులో సంతకం పెట్టే పుస్తకంలో నా పేరుండదు,” అంది. అక్టోబర్ తర్వాత సోషల్ మీడియాలో ఏదో రాశారని ఉద్యోగాల్లోంచి పక్కనపెట్టిన అరబ్బుల్లో తనతో చదువుకున్నామె ఒకరట. ఇంకా అడగబోతే మాట మార్చి, లిఫ్ట్ డబ్బులు మీ సవ్తా ఇంకా ఇవ్వలేదని తమ్ముడికి గుర్తుచేసింది.

సాయంత్రం చుక్కలు పొడిచాయి, ఫోన్ ముట్టకూడదన్న మొదటి రోజు నియమం తీరింది. ఐదు నిమిషాలు కాలేదు, సవ్తా ఫోన్ మోగింది. కూతురు. ఈసారి ఇద్దరూ గొంతు చించుకున్నారు. “రాత్రంతా ఆపుకున్నదక్కా ఇదంతా. ఇగ గంట దాక నడుస్తది,” అంటూ తమ్ముడు పొయ్యి మీద మాకిద్దరికీ అన్నం పడేశాడు, సవ్తా గిన్నెల్లో కాదు, వాడి సొంత గిన్నెలో.