స్ఫురణకు జమాఖర్చు రాసిన ఏడాది

నేను అకౌంటెంట్‌ని. ఇరవై రెండేళ్లుగా విశాఖ పోర్టు దగ్గర సరుకు క్లియరెన్స్ చేసే ఆఫీసులో ఓచర్లు, బిల్లులు చూసుకుంటూ బతుకుతున్నాను. నాలాంటివాడు 'బుద్ధికి పైన ఇంకో తెలివి ఉంది, సాధనతో అది మేలుకుంటుంది' అన్న మాట నమ్మి ఏడాది పైగా దాని వెనక పడ్డాడంటే మా ఆవిడకి ఇప్పటికీ నవ్వే.

దీనికంతటికీ మా మేనమామ కారణం. ఆయనది మాస్టర్ సి.వి.వి. అనే గురువు చూపిన యోగ మార్గం. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఎక్కడున్నా ప్రార్థన చేసుకుని కళ్లు మూసుకుంటారు, పెళ్లి పందిట్లో ఉన్నా సరే. కుంభకోణంలో 1910లో మొదలైన ఈ మార్గం మా ఊళ్లో ఇంతమందికి తెలిసిందంటే ఎక్కిరాల కృష్ణమాచార్య గారి వల్లే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠం చెప్పిన మనిషి, 1971లో ఇక్కడే వరల్డ్ టీచర్ ట్రస్ట్ అనే ఆధ్యాత్మిక సంస్థ పెట్టారు. శ్రీ అరవిందులు చెప్పిన మెట్ల గురించి కూడా మామయ్య నోటే విన్నాను. మామూలు మనసుకి పైన ఉన్నత మనస్సు, తర్వాత ప్రకాశిత మనస్సు, ఆ పైన మనం ఇంట్యూషన్ అనే స్ఫురణ, ఇంకా పైన అధిమనస్సు, అన్నిటికీ పైన అతిమనస్సు. నా కన్ను ఆ మూడో మెట్టు మీద పడింది. మోక్షం కోసమని చెప్పుకోను. అప్పుడే షేర్లలో చేతులు కాల్చుకుని ఉన్నాను, ముందే తెలిసే విద్య ఏదైనా దొరికితే బాగుండుననిపించింది, అంతే.

ఆఫీసులో పడి ఉన్న పాత లెడ్జర్ ఒకటి తెచ్చి గళ్లు గీశాను. తేదీ, ఏం స్ఫురించింది, తర్వాత ఏమైంది. మొదటి రెండు నెలలూ కలం ఆగలేదు. ఫోన్ మోగకముందే ఎవరో తెలిసిందని, వాన పడుతుందని, బాస్ ఈరోజు సెలవు పెడతాడని, ఏది తోస్తే అది. వాటిలో తప్పినవే ఎక్కువ, కానీ తప్పినవి రాసేటప్పుడు చెయ్యి బరువెక్కేది, కొన్ని అసలు రాయనేలేదు. లెక్కలు రాసేవాడు చెయ్యకూడని పని.

అప్పుడే మా బావమరిది భీమిలి రోడ్డులో స్థలం చూశాడు. లోపలి నుంచి 'వద్దు' అని ఒకటే గోల, రెండు రోజుల పాటు, రాత్రి నిద్రలో కూడా. ఇంత గట్టిగా వస్తోందంటే ఇదే అనుకుని వాడికి చెప్పి మాన్పించాను. ఏడాది తిరక్కుండా ఆ లేఅవుట్ ధర ఎక్కడికో పోయింది. వాడేమీ అనలేదు గానీ, "బావా, ఈసారి నీ అంతరాత్మని అడగనులే" అన్నాడు అందరి ముందు.

మామయ్యకి చెబితే, "ఏట్రా అది? స్ఫురణా కడుపుమంటా? వాడు కొంటాడు, నువ్వు కొనలేవు, అదీ సంగతి" అన్నారు. కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే నిజమే. ఆ తర్వాత ఆయనే నా లెడ్జర్‌లో ఇంకో గడి గీయించారు: 'అది వచ్చినప్పుడు ఒంట్లో ఏమైంది?'

ఆ గడి మొత్తం లెక్కే మార్చేసింది. భయం వస్తే పొట్ట బిగుసుకుంటుంది, ఒకటే మాట పది సార్లు తిరుగుతుంది, తనకి తానే కారణాలు చెప్పుకుంటుంది. కోరిక వస్తే ఒళ్లు ఉరకలేస్తుంది, తొందర పెడుతుంది. ఈ రెండూ తీసేస్తే నేను రాసినవాటిలో పాతికో వంతు కూడా మిగల్లేదు. ఆ మిగిలినవి చప్పుడు లేకుండా వచ్చినవి, 'పెరట్లో కుళాయి కట్టలేదు' అని గుర్తొచ్చినట్టు, ఒక్కసారి చెప్పి ఊరుకున్నవి. స్ఫురణ దిగగానే మనసు దాన్ని పట్టుకుని తన సరుకు కలిపేస్తుందని అరవిందులు చేసిన హెచ్చరిక మామయ్య మొదట్లోనే చెప్పారు. కలిపేది ఎవరో నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

అలాంటప్పుడు ముందు మనసు ఊరుకోవాలి కదా. అరవిందులకి 1908 జనవరిలో బరోడాలో విష్ణు భాస్కర లేలే అనే యోగి చెప్పిన పద్ధతి పట్టుకున్నాను. ఆలోచనలు నీలోంచి పుట్టవు, బయటి నుంచి వస్తాయి, గుమ్మం దాటకముందే చూసి వెనక్కి తోసెయ్. ఆయనకి మూడు రోజుల్లో మనసు నిశ్శబ్దమైంది. నేను తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వెళ్లి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక గోడ మీద కూర్చునేవాణ్ణి. మూడు నెలలకి ఏ రెండు నిమిషాలో దొరికాయి, అదీ రోజూ కాదు. (ఆలోచనల్ని అలలతో పోల్చను. మా ఊళ్లో ధ్యానం గురించి మాట్లాడే ప్రతివాడూ అదే పోలిక చెప్తాడు.)

ఆఫీసులో ఒకసారి ఒక రవాణా బిల్లు చేతికొచ్చింది. సంతకాలు, మొత్తం, పన్ను, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా పాస్ చెయ్యబుద్ధి కాలేదు, పక్కన పెట్టాను. మూడో రోజు చూస్తే అదే సరుకుకి వేరే నంబరుతో ఇంకో బిల్లు అప్పటికే చెల్లించేశారు. అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం దాన్ని స్ఫురణ ఖాతాలో రాయలేదు. అర్థశాస్త్రంలో 1978లో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ ఇంట్యూషన్ అంటే అనుభవంతో వచ్చే గుర్తుపట్టడమే అన్నాడు, వేరే మాయ లేదని. ఇరవై రెండేళ్లు ఓచర్లు చూసిన కళ్లకి తేడా తెలియడంలో వింతేముంది? అది బుద్ధే, కాకపోతే కారణం చెప్పకుండా పనిచేసింది. మామయ్య కూడా ఒప్పుకున్నారు. "బుద్ధిని దాటమన్నారు గానీ పారేయమనలేదురా, కఠోపనిషత్తులో రథం తోలేది బుద్ధే" అన్నారు.

మరి సైమన్ లెక్కలో ఇమడనివి ఉన్నాయా అంటే, నా దగ్గర ఒక్కటే ఉంది, అదీ సాక్ష్యానికి నిలవదు. మొన్న శ్రావణంలో ఆఫీసు నుంచి వస్తూ ఎన్‌.ఏ.డి. జంక్షన్ దగ్గర బండి ఇంటివైపు తిప్పబోతుంటే, అమ్మ దగ్గరికి వెళ్లాలనిపించింది. కంగారు లేదు, ఎందుకన్నది లేదు. గోపాలపట్నం వెళ్లాను. అమ్మ గోరుచిక్కుడు ఈనెలు తీస్తోంది. ఒంట్లో బాగానే ఉంది, ఇంట్లోనూ అంతా బాగానే ఉంది. "ఏరా, చెప్పకుండా వచ్చావు?" అంది. "ఊరికేనే అమ్మా" అన్నాను. కరెంటు పోయింది. చీకట్లో ఇద్దరం కాసేపు కాయలు వలుస్తూ కూర్చున్నాం, ఎప్పుడో చచ్చిపోయిన మా ఆవు గురించి మాట్లాడుకున్నాం.

రాత్రి లెడ్జర్ తీసి తేదీ వేశాను. ఒంట్లో ఏమైంది దగ్గర 'ఏమీ లేదు' అని రాశాను. తర్వాత ఏమైంది అన్న గడిలో కూడా 'ఏమీ లేదు' అని రాయబోయి, అది నిజం కాదనిపించి, ఖాళీగా వదిలేశాను.