వేడి చేసిందనుకుని వదిలేసే జబ్బులు

మూత్రం మంటగా వస్తే మన ఇళ్లలో మొదట వినిపించే మాట: "వేడి చేసింది." సబ్జా నీళ్లు, బార్లీ, కొబ్బరిబోండం. పదిహేడేళ్ల పిల్లలకు ఆ మాట మంచి చాటు కూడా. దాని వెనక సెగ (గనేరియా) ఉందో, క్లమీడియా అనే మరో సుఖవ్యాధి ఉందో ఎవరూ అడగరు.

సుఖవ్యాధి అంటే తిరుగుళ్ల జబ్బని పెద్దల లెక్క. తిరగని అమ్మాయికీ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మొగుడు వయసులో పెద్ద, బయట ఏం చేసొచ్చాడో తెలీదు, కండోమ్ అడిగితే "నన్నే అనుమానిస్తావా" అంటాడు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ముప్పు ఇదే.

శరీరం కూడా ఆ వయసులో సహకరించదు. గర్భాశయ ముఖద్వారం లోపల ఉండే సున్నితమైన కణాల పొర టీనేజీలో బయటి అంచుదాకా పరుచుకుని ఉంటుంది. క్లమీడియా, గనేరియా క్రిములు పట్టుకునేది ఆ కణాలనే. పైగా క్లమీడియా సోకిన అమ్మాయిల్లో ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. తెల్లబట్ట కాస్త ఎక్కువైనా "మామూలే" అనుకుంటారు. ఈలోగా అది గర్భనాళాల దాకా పాకి, తర్వాత పిల్లలు పుట్టకుండా చేయగలదు.

అబ్బాయిల పొరపాట్లు వేరు. కండోమ్ నెలల తరబడి పర్సులో పెడితే వేడికి, రాపిడికి పాడవుతుంది. కొబ్బరినూనె, వాసెలిన్ రాస్తే రబ్బరు నిమిషాల్లోనే బలహీనపడుతుంది. మధ్యలో తొడిగితే ఆలస్యమైపోయినట్టే.

ఇక మెడికల్ షాపు వైద్యం. రెండు మాత్రలతో మంట తగ్గితే క్రిమి పోయినట్టు కాదు. సవాయి (సిఫిలిస్) మరీ మోసకారి: నొప్పిలేని పుండు 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. తొలిదశలోనే పట్టుకుంటే దానికి 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ సూది ఒక్కసారి చాలు.

జిల్లా ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లో పరీక్ష, మందులు ఉచితం. స్రావానికో రంగు మందుల కిట్, పుండుకో రంగు కిట్ ఇస్తారు. భాగస్వామి కూడా మందు వాడాలి. లేదంటే అదే జబ్బు మళ్లీ అంటుతుంది. ఇద్దరి వైద్యం పూర్తయ్యాక 7 రోజులు కలయిక వద్దు, 3 నెలలకు మళ్లీ పరీక్ష. హెచ్‌ఐవీ భయముంటే కలయిక జరిగిన 72 గంటల్లోపే వెళ్లాలి, ఎంత తొందరైతే అంత మేలు; అది సోకకుండా ఇచ్చే మందు 28 రోజులు వాడాలి. సందేహాలకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097.

18 నిండనివాళ్ల విషయంలో పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం డాక్టరు పోలీసులకు చెప్పాల్సి ఉంటుంది. ఆ భయంతోనే చాలామంది గడప తొక్కరు. కానీ కేసు సంగతి తేలేదాకా వైద్యం ఆపే హక్కు ఆసుపత్రికి లేదు.