పద్నాలుగు సంపుటాల వీల్ ఆఫ్ టైమ్: నెల్లూరులో కూర్చుని ఒడ్డున పడ్డ వైనం

రాబర్ట్ జోర్డాన్ ఇంగ్లిష్ ఫాంటసీ నవలల వరుస 'ది వీల్ ఆఫ్ టైమ్' ఆఖరి సంపుటం మొన్ననే ముగించాను. ఆ వేడి మీదే రాస్తున్నాను. ఇది మొదలుపెట్టి ఏడో పుస్తకం దగ్గర అటకెక్కించినవాళ్లు మన ఊళ్లో నాకు తెలిసే కొందరున్నారు. మొదటిది 1990లో వచ్చింది, చివరిది 2013లో. మధ్యలో, 2007లో, రచయితే పోయాడు.

మొదటి మూడూ ఎవరైనా చదివేస్తారు.

నాలుగోది, 'ది షాడో రైజింగ్' (1992), నిదానంగా చదవాలి. రూయిడియన్ అనే నగరంలో కథానాయకుడు రాండ్ గాజు స్తంభాల మధ్య నడుస్తూ తన పూర్వీకుల కళ్లలోంచి చూస్తాడు. ఒక్కో అడుగుకీ కాలం ఇంకో తరం వెనక్కి పోతుంది. అయెల్ జాతివాళ్లు ఈటె పడతారు గానీ కత్తి ముట్టరు. ఎందుకో అంతవరకూ ఎవరూ చెప్పరు. ఇక్కడ ముందు ఫలితం, ఆ తర్వాత కారణం, దాని వెనక ఇంకో కారణం. ఒకప్పుడు ఆయుధమే ముట్టబోమని ఒట్టేసుకున్న జనం వీళ్లని తెలిసేసరికి, పుస్తకం మూసి కాసేపు కూర్చోవాల్సి వస్తుంది. ఫాంటసీ అంటే పిల్లల కథలని ముఖం చిట్లించే మన సాహిత్య పెద్దలు ఈ ఘట్టమున్న రెండు అధ్యాయాలు చదివి అప్పుడు మాట్లాడాలి.

ఐదోది ఫర్వాలేదు. ఆరోదాని చివర డుమాయ్స్ వెల్స్ యుద్ధం ఉంది, దాని కోసం అంత లావు పుస్తకమూ మోయొచ్చు.

పుస్తకాలు దొరకడం సంగతి. ఊళ్లో షాపుల్లో ఇంటర్ గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు తప్ప ఇలాంటివి అరుదు. గ్రంథాలయంలో అడిగితే "ఏ ఎగ్జామ్‌కి సార్?" అన్నారు. ఒంగోలు, నెల్లూరు వాళ్లకు సులువైన దారి ఒకటే. పినాకిని ఎక్కి చెన్నై సెంట్రల్‌లో దిగడం, పక్కనే మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లకు పోవడం. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఆర్బిట్ వాళ్ల ముద్రణ. సగం ధరకు అడిగి అక్కడినుంచి కిందికి బేరమాడండి. సెట్టులో ఒకటి తక్కువైతే ఇంకా దిగుతారు. వీపు మీద అడ్డగీతలు పడితే బాధ లేదు, చదివిన పుస్తకమని గుర్తు. జిగురు విడిచి మధ్యలో తెరుచుకునేది మాత్రం వద్దు.

నాకు దొరకంది పదోది. ఆన్‌లైన్లో తెప్పించాను. అక్కడే పట్టుకుంది పీడ.

వచ్చింది దొంగ ముద్రణ. అసలుదాని అట్ట మీద అక్షరాలు వేలికి ఉబ్బెత్తుగా తగులుతాయి, దీనికి నున్నగా ఉంది. కాగితం పకోడీలు కట్టే రకం, వెనక పేజీ అక్షరాలు ఇటు కనపడుతున్నాయి. ముందున్న మ్యాపులో నదుల పేర్లు సిరా ముద్దలు. అసలు పుస్తకంలో ప్రతి అధ్యాయం మొదట్లో చిన్న బొమ్మ ఉంటుంది: తోడేలు, పాచికలు, చక్రం. ఆ అధ్యాయం ఎవరిదో దాన్ని బట్టే ఊహించుకోవచ్చు. ఇందులో అన్నీ నల్ల చుక్కలే. ఇవన్నీ సర్దుకుందామనుకున్నా, 288వ పేజీ తర్వాత మళ్లీ 257 వచ్చింది. అది 288 దాకా నడిచి, ఆ తర్వాత 321. అంటే బైండింగులో ఒక ఫారం (కలిపి మడిచే పేజీల కట్ట) రెండుసార్లు పడి, పక్క ఫారం ఎగిరిపోయింది. లావు పుస్తకం ఏది కొన్నా పేజీ నంబర్లు పదహారేసి చొప్పున తిప్పి చూడండి, తప్పు దాదాపుగా అక్కడే దొరుకుతుంది.

రిటర్న్ పెడితే కస్టమర్ కేర్ అమ్మాయి, "చదివేశారు కదా సార్, వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అంది. చదవకుండా పేజీలు లేవని ఎట్టా తెలుస్తుంది తల్లీ? తర్వాత "కథ నచ్చలేదని రిటర్న్ కుదరదు" అని మెసేజ్. చివరికి ఒప్పుకుని మనిషిని పంపారు. ఆ పిల్లాడు వాకిట్లో నిలబడి పుస్తకాన్ని చేత్తో తూచి, "ఇంత లావు బుక్కులో ముప్పై పేజీలు లేకపోతే ఏందన్నా?" అని ఇరుగుపొరుగు వినేలా నవ్వి, ఫోటో కొట్టుకుని ఉత్త చేతులతో పోయాడు. రిక్వెస్టు రద్దయింది. డబ్బు వచ్చింది వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాకే. బిల్లు, 288-257 కలిసే చోటు ఫోటో, వాళ్ల మెసేజీలు దగ్గర పెట్టుకుని చేయండి. మర్యాదగా అడుగుతూ కూర్చుంటే ఈ కంపెనీలు కదలవు.

చెన్నైలో అసలు ప్రతి దొరికాక, పోయిన ఆ 32 పేజీలూ చదివాను. పిల్లాడి మాటే నిజం. అవి లేకున్నా కథ ఎక్కడా తెగలేదు! 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్' (2003) జబ్బే అది. తొమ్మిదోదాని చివర రాండ్, మగవాళ్ల మాంత్రిక శక్తికి పట్టిన మాలిన్యాన్ని కడిగేస్తాడు. పదోదాంట్లో చాలాభాగం, ఆ సమయంలో మిగతావాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పడమే. దూరాన అంత శక్తి ఎవరు వాడుతున్నారబ్బా అని వాళ్లు తలలు బద్దలుకొట్టుకుంటుంటారు, మనకేమో ముందే తెలుసు. ఉత్కంఠ ఎక్కణ్నుంచి వస్తుంది? చందమామ సీరియళ్లలో దాసరి సుబ్రహ్మణ్యం గారు నాలుగైదు పేజీల్లో ఒక గండం దాటించి, ఇంకో గండంలో పడేసి నెల ఆపేవారు. ఆ పాలు తాగి పెరిగిన మనకు ఇంత సాగదీత పడదు. పదోదాంట్లో రాండ్ నేస్తం మ్యాట్ అధ్యాయాలు, ఆఖరి అధ్యాయం చదివి ముందుకు పోండి.

పదకొండోది (2005) మళ్లీ పరుగెడుతుంది. మిగిలిన మూడూ జోర్డాన్ నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశాడు. హాస్యం దగ్గర చేయి మారినట్టు తెలుస్తుంది, ముఖ్యంగా మ్యాట్ మాటల్లో. కానీ వదిలేసిన ముడులన్నీ విప్పాడు. పద్నాలుగోదాంట్లో 37వ అధ్యాయం మొత్తం ఒకే యుద్ధం, రెండొందల పేజీలకు కాస్త అటూఇటూ. రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టకండి. ముగింపు ఘట్టం జోర్డాన్ పోకముందే రాసిపెట్టుకున్నది. 'న్యూ స్ప్రింగ్' (2004) పూర్వకథే గానీ ముందు చదివితే మొదటి సంపుటంలో మొరెయిన్ అనే ఆవిడ ఎవరన్న గుట్టంతా పోతుంది. పదోదాని తర్వాత చదవండి.