జ్వరం తగ్గింది కదా, లాగిన్ అవుతావా?

మా పాపకి డెంగీ అని ఎన్‌ఎస్1 టెస్టులో తేలినప్పుడు ఆఫీసులో అందరూ నువ్వు పాపని చూసుకో పని మేం చూసుకుంటాం అన్నారు, నిజంగానే చూసుకున్నారు కూడా. కానీ జ్వరం తగ్గిందని గ్రూప్‌లో పెట్టగానే మర్నాటి క్లయింట్ కాల్‌కి ఇన్వైట్ వచ్చేసింది. మామూలు జ్వరమైతే తగ్గిందంటే అయిపోయినట్టే, వాళ్ళూ అలాగే అనుకున్నారు.

డెంగీలో అసలు భయం అప్పుడే. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, టెంపరేచర్ దిగే టైంలోనే రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) బయటికి లీకవడం మొదలవ్వచ్చు, ఆ 24 నుంచి 48 గంటలు కనిపెట్టుకునే ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, పిల్ల మత్తుగా పడి ఉండటం, ఏది కనిపించినా ఆలోచించకుండా హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే. అందరూ ప్లేట్‌లెట్లు ఎంత ప్లేట్‌లెట్లు ఎంత అనే అడుగుతారు గానీ సీబీపీ అనే రక్త పరీక్షలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం, ప్లాస్మా లీకైతే పెరుగుతుంది) పెరుగుతోందా అన్నది కూడా అంతే ముఖ్యం, పాస్ సరిగ్గా పోస్తోందా అన్నది ఇంకా ముఖ్యం.

అందుకే బీరువా తలుపుకి ఒక కాగితం అంటించాం, ఎన్నింటికి పారాసిటమాల్ ఇచ్చాం (బ్రూఫెన్ అస్సలు ఇవ్వకూడదు), ఎంత ఓఆర్‌ఎస్ తాగింది, పాస్ ఎప్పుడు పోసింది అన్నీ దాని మీదే. పొద్దున్న మా ఆయన, మధ్యాహ్నం నేను, సాయంత్రం నా యూఎస్ కాల్స్ టైంకి అత్తయ్య, ఎవరు కూర్చున్నా ముందు ఆ కాగితం చూసేవాళ్ళం. పక్కింటావిడ ప్రేమగా బొప్పాయి ఆకు రసం తెచ్చారు, అసలే వాంతులవుతున్న పిల్లకి ఆ చేదు పట్టలేను ఆంటీ అని చెప్పేశాను.

సెంట్రల్ గవర్నమెంట్‌లో ఆడవాళ్ళకి సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. ప్రైవేట్‌లో మాకు అలాంటిది లేదు, ఉన్న లీవుల్లోంచే తీసుకోవాలి. 2017లో చట్టం మార్చి 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలన్నారు, మంచిదే, కానీ జ్వరంతో ఉన్న పిల్లని అక్కడ వదల్లేం కదా.

ఇదంతా మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్తే కాల్ వెంటనే వేరేవాళ్ళకి ఇచ్చేశారు, తెలీక అడిగానమ్మా అన్నారు. మీ టీంలో ఎవరి పిల్లలకైనా డెంగీ అంటే జ్వరం తగ్గి ఎంతసేపయింది అని అడగండి, రెండు రోజులు దాటకపోతే దయచేసి వాళ్ళని మీటింగులకి పిలవకండి.