పరదా రింగు దగ్గర అర్థమైన ఫ్రిక్షన్: నా నీట్ ఎండీఎస్ రెండో అటెంప్ట్

డెంటల్ పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ ఇంకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉంది. ఈసారి ఆర్థో (వంకర పళ్ళు సరిచేసే విభాగం) సీటు మీద ఆశ పెట్టుకోదగ్గ ర్యాంకు వచ్చింది. పోయినేడాది ఇలాంటి అనుభవాల కోసం రాత్రిళ్ళు వెతుక్కుని చదివేదాన్ని. అందుకే నాదీ రాస్తున్నాను.

మొదటి అటెంప్ట్‌లో క్వాలిఫై అయ్యాను గానీ సీటు దక్కే ర్యాంకు రాలేదు. సిలబస్ మొత్తం చదివాను, అందులో లోటు లేదు. కాకపోతే అన్నీ జాబితాలుగా చదివాను. ఫ్రిక్షన్ టాపిక్కే చూడండి, అంటే పన్నుకి అతికించే బ్రాకెట్ గాడిలో (స్లాట్) వైర్ జారేటప్పుడు పుట్టే ఘర్షణ. స్టీల్ వైర్‌కి తక్కువ, నైటినాల్‌కి (నికెల్-టైటానియం) ఎక్కువ, టీఎంఏకి (టైటానియం-మాలిబ్డినం) అన్నిటికన్నా ఎక్కువ అని వరస బట్టీ పట్టి, అయిపోయిందనుకున్నాను.

రెండోసారి మొదలుపెట్టిన కొత్తలో ఒక గ్రాండ్ టెస్ట్‌లో వెడల్పు బ్రాకెట్ మీద ప్రశ్న వచ్చింది. కాంటాక్ట్ ఏరియా ఎక్కువ కాబట్టి ఫ్రిక్షన్ ఎక్కువ అన్న ఆప్షన్ ధైర్యంగా పెట్టాను. మార్కు పోయింది. ఘర్షణ అభిలంబ బలాన్ని బట్టి ఉంటుంది, స్పర్శా వైశాల్యాన్ని బట్టి కాదు అని ఇంటర్‌లోనే చదివాం కదా! ఆ రోజు చాలా ఏడ్చాను.

సాయంత్రం కిటికీ పరదా కింది అంచు పట్టుకుని లాగితే జరగలేదు. రింగు ఒరిగి రాడ్‌కి పట్టేసింది. పైన రింగు దగ్గర పట్టుకుంటే మెత్తగా జరిగింది. అక్కడే నిలబడిపోయాను. రాడ్ అంటే పళ్ళ వరస పొడుగునా వేసే ఆర్చ్‌వైర్, రింగు అంటే బ్రాకెట్. కెనైన్‌ని (కోరపన్ను) వెనక్కి లాగుతున్నప్పుడు మన బలం పైకి కనిపించే భాగం, అంటే క్రౌన్ మీద పడుతుంది, పన్ను కదలకుండా ఎదురునిలిచే కేంద్రం (సెంటర్ ఆఫ్ రెసిస్టెన్స్) మాత్రం రూట్‌లో, అంటే వేరులో ఉంటుంది. అందుకే పన్ను మొదట ఒరుగుతుంది, స్లాట్ మూలలు వైర్‌ని ఎదురెదురుగా నొక్కుతాయి. అదే బైండింగ్. తర్వాత రూట్ నిటారు అయ్యాక పట్టు వదులుతుంది, మళ్ళీ ఒరుగుతుంది. పన్ను జారుతూ పోదు, ఆగి ఆగి నడుస్తుంది.

అప్పుడు లెక్క వేసుకున్నాను. 0.022 అంగుళాల స్లాట్‌లో 19×25 (0.019×0.025 అంగుళాల) వైర్ వేస్తే మిగిలే ఖాళీ 0.003 అంగుళం. బ్రాకెట్ వెడల్పు 0.130 అంగుళం అనుకుంటే దాదాపు 1.3 డిగ్రీలు ఒరిగితే చాలు, బైండింగ్ మొదలు. అదే స్లాట్‌లో 16 (0.016 అంగుళాల) రౌండ్ వైర్ అయితే 2.6 డిగ్రీల దాకా ఆగుతుంది. వెడల్పు బ్రాకెట్ తొందరగా తగులుతుంది, నిజమే. కానీ మూలల మధ్య దూరం ఎక్కువ కాబట్టి పన్నుని నిటారు చేయడానికి ఒక్కో మూల మీద పడే బలం తక్కువ. నేను తప్పు పెట్టిన ప్రశ్న వెనకాల ఉన్న విషయం ఇదంతా.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. గరుకు ఎక్కువైతే ఫ్రిక్షన్ ఎక్కువ అనుకుంటాం. నైటినాల్ ఉపరితలం టీఎంఏ కన్నా గరుకు, అయినా ఫ్రిక్షన్ టీఎంఏకే ఎక్కువ. టీఎంఏలోని టైటానియం స్టీల్ స్లాట్‌కి అతుక్కుంటుంది, కోల్డ్ వెల్డింగ్ అంటారు. వైర్ ఉపరితలంలోకి అయాన్లు చొప్పించి ఈ అతుకు తగ్గించే అయాన్ ఇంప్లాంటేషన్ ఎందుకు చేస్తారో ఇక వేరుగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మిగతా సబ్జెక్టుల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పాత ప్రశ్నలు మూడుసార్లు, అనాటమీ, ఫార్మా రోజూ ఒక గంట. ఫోన్ మాత్రం ఇంట్లో వాళ్ళకిచ్చేయండి. పొద్దున ఐదింటికి లేవలేని రోజు రాత్రి అదనంగా కూర్చోండి, రేపటికి వాయిదా వేయకండి. క్లినిక్ ఉద్యోగం మానేసినప్పుడు "పెళ్ళి వయసులో ఇంకా చదువేంటి" అన్నవాళ్ళున్నారు. నేను టైం వృథా చేయలేదు. రోజుకి రెండు టాపిక్‌లే చదివినా, ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు దొరికాకే పేజీ తిప్పాను.

బైండింగ్‌కీ నాచింగ్‌కీ (మూల నొక్కి వైర్ మీద గాటు పడటం) తేడా ఇంకా తికమకగా ఉంటే, దగ్గర్లోని ఆర్థో క్లినిక్‌లో నోట్లోంచి తీసేసిన వైర్ ఒకటి స్టెరిలైజ్ చేయించి అడిగి తీసుకోండి. బ్రాకెట్ మూల తగిలిన చోట గోటితో మెల్లగా తడమండి. కొన్నిటి మీద గాటు చేతికే తెలుస్తుంది.