గోడ వెంట నా రైల్వే

చిన్న గదిలో నేటి కాలపు మోడల్ రైల్వే కట్టాలంటే అసలు చిక్కు వ్యాగన్ల పొడవుతోనే. అమెరికా రైళ్లలో కనిపించే 53 అడుగుల కంటైనర్ 1:87, అంటే అసలులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ స్కేల్‌లో పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. 1:160 ఎన్ స్కేల్‌లో పది. అందుకే ఎన్‌కే మొగ్గాను. అయినా పొడవాటి వ్యాగన్లు ఇరుకు మలుపుల్లో పట్టాలు తప్పుతాయి కాబట్టి, రైలు గుండ్రంగా తిరగాలన్న ఆశ వదిలేసి, గోడ వెంట సన్నటి అర మీద, వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరిపి వరుస మార్చే షంటింగ్ యార్డ్ వేశాను.

ఇంగిల్‌నుక్ అనే షంటింగ్ ఆట పద్ధతి. మూడు లైన్లు, ఎనిమిది వ్యాగన్లు. చీట్లు తీసి, వచ్చిన వరుసలో ఐదింటిని కూర్చాలి. ఇంత చిన్న చోటులో ఇంత ఆట ఉంటుందని కట్టేదాకా నమ్మలేదు, నిజంగా!

నాకు ప్రాణం మాత్రం చిన్న చిన్న వివరాల మీదే. వ్యాగన్ అడుగంచున వెలుతురు పడితే మెరిసే పసుపు పట్టీలు ఉంటాయి కదా, వాటిని సన్నటి కుంచెతో ఒక్కొక్కటీ గీశాను. గార్డు పెట్టె లేదు. దాని బదులు చివరి కప్లర్‌కి, అంటే వ్యాగన్లను కలిపే కొక్కేనికి, ఎర్ర లైటున్న చిన్న డబ్బా తగిలించాను. అది పెట్టాకే రైలు ఈ కాలానిదనిపించింది. ఇక ట్యాంకర్ల లోడింగ్ షెడ్ మొదలుపెట్టాలి.